చదువు అయిపోయాక ఆడే చోటు: బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో మహిళల రగ్బీ



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకంగా ఏర్పాటైందో ఆవిడను ఈ కాలేజీలో పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. మా అందరికీ ఆవిడ పి.డి. మేడమ్. బాల్ బ్యాడ్మింటన్, కబడ్డీ, ఖోఖో, త్రోబాల్ అన్నీ ఆవిడే ఆడించారు. కప్పులు తెచ్చిన జట్లు చాలా కాలేజీల్లో ఉన్నాయి. మేడమ్‌ని నేను గుర్తుపెట్టుకున్నది మరో సంగతికి. ఆవిడ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. కాలేజీ వదిలి వెళ్లిన ప్రతి ఆటగత్తె చిరునామా అందులో రాసుకునేవారు. పెళ్లయి ఊరు మారితే పాత చిరునామా కొట్టేసి కొత్తది రాసేవారు. ఊళ్లో ఉన్నవాళ్లను ఆదివారం పొద్దున్నే గ్రౌండుకు రమ్మనేవారు. పసిపిల్లల్ని చంకనేసుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. మేడమ్ ఆ బిడ్డను ఎత్తుకుంటే తల్లి కోర్టులోకి దిగేది. ఈ వేదికమీద కూర్చున్న ఒకావిడ అలా ఆడినవారే. పేరు చెప్పను, ఆవిడకే తెలుసు.

మహిళల క్రీడల గురించి ఏదైనా మాట్లాడమని స్మారక నిధి సంఘం వారు అడిగినప్పుడు నాకు వెంటనే తోచింది రగ్బీ. మేడమ్ రగ్బీ ఆడించలేదు. ఆ కోలబంతిని ఆవిడ చేత్తో పట్టుకుని కూడా ఉండరు. నేను ఇంగ్లండులో ఉద్యోగం చేసిన రోజుల్లో అక్కడి విశ్వవిద్యాలయాల అమ్మాయిలు బురదలో ఈ ఆట ఆడుతుంటే గట్టుమీద నిలబడి చూసేదాన్ని. మొదట ఆట అర్థం కాలేదు. తరువాత ఆట అర్థమైంది. ఆ జట్ల వెనక ఉన్న చరిత్ర తెలిశాక మేడమ్ నోట్‌బుక్ విలువ ఏమిటో కూడా తెలిసింది. ఆడపిల్లల జట్టు ఎదిగిందా లేదా అన్నది అల్మరాలోని కప్పులు చెప్పలేవు. చదువు ముగించి గేటు దాటిన అమ్మాయి మరుసటి ఆదివారం ఎక్కడ ఆడుతోందో, అది చెబుతుంది. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

లండన్ నగరంలో యూనివర్సిటీ కాలేజ్ ఉంది. స్త్రీలను పురుషులతో సమానంగా డిగ్రీ చదువుల్లో చేర్చుకోవడంలో ఇంగ్లండు మొత్తానికి అది ముందు నడిచింది. అది 1878లో. అక్కడికి నూరేళ్లకు, 1978లో, అదే కాలేజీ అమ్మాయిలు రగ్బీ జట్టు కట్టుకున్నారు. వాళ్లలో ఒకరు డెబొరా గ్రిఫిన్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ మళ్లీ వస్తుంది. తరగతి గదిలో పక్కన కూర్చోనివ్వడానికీ మైదానంలో బంతి పట్టుకోనివ్వడానికీ మధ్య ఒక శతాబ్దం పట్టిందన్నమాట.

అంతకు ముందు ఎవరూ ఆడలేదని కాదు. 1917 డిసెంబరులో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా, వేల్స్‌లోని కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్ మైదానంలో కార్డిఫ్, న్యూపోర్ట్ స్త్రీలు రగ్బీ ఆడారు. మగవాళ్లు యుద్ధానికి వెళ్లిన కాలమది. వాళ్లు తిరిగి వచ్చాక స్త్రీల ఆట అక్కడితో ఆగింది. పక్కనే ఫుట్‌బాల్‌లో ఇంకా దారుణం జరిగింది. స్త్రీల ఆట చూడటానికి వేల జనం రావడం మొదలయ్యాక, 1921లో ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో స్త్రీలు ఆడరాదని నిషేధం పెట్టింది. దాదాపు యాభై ఏళ్లపాటు అది తొలగలేదు. రగ్బీ పెద్దలకు అలాంటి నిషేధం రాసే శ్రమ కూడా కలగలేదు. ఆడవాళ్లు ఆడతారన్న ఊహే వాళ్లకు రాలేదు.

1962లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో అమ్మాయిల రగ్బీ జట్టు ఉన్నట్టు నమోదై ఉంది. విశ్వవిద్యాలయాల మహిళా జట్లలో నమోదైన వాటిలో అదే మొదటిదని చెబుతారు. దాని చుట్టూ పోటీలు పుట్టలేదు, సంఘం పుట్టలేదు. ఆ అమ్మాయిలు పట్టా పుచ్చుకున్నారు, వెళ్లిపోయారు. 1962కూ 1978కీ తేడా ఎక్కడుందో చూస్తే మన విషయం దొరుకుతుంది. ఎడిన్‌బరో అమ్మాయిలకు ఉత్సాహం తక్కువై ఉంటుందని నేను నమ్మను. బయట వాళ్లకోసం మరో మైదానం లేదు, అంతే.

విశ్వవిద్యాలయం జట్టుకు పుట్టుకతోనే ఒక వ్యాధి ఉంటుంది. ఇంగ్లండులో డిగ్రీ మూడేళ్లు. మొదటి ఏడాది పిల్ల ఆట నేర్చుకుంటుంది. రెండో ఏడాది జట్టులో స్థిరపడుతుంది. మూడో ఏడాది కెప్టెన్ అయ్యేసరికి చివరి పరీక్షలు ముంచుకొస్తాయి. జూన్ వచ్చేసరికి జట్టులో మూడోవంతు మాయం. కెప్టెన్, కార్యదర్శి, కోశాధికారి అందరూ విద్యార్థులే, ఏటా ఎన్నికయ్యేవారే. కోచ్ ఉంటే అదృష్టం. ఒక్క సంవత్సరం సెప్టెంబరులో కొత్తవాళ్లు చేరకపోతే జట్టు చచ్చిపోతుంది. అందుకే అక్కడ కొత్త విద్యార్థులు వచ్చిన మొదటి వారంలో క్లబ్బులన్నీ బల్లలు వేసుకుని కూర్చునే సంత ఒకటి జరుగుతుంది. నాటకాల వాళ్లు, పడవల వాళ్లు, చదరంగం వాళ్లు, వాళ్ల మధ్య రగ్బీ అమ్మాయిలు. వచ్చేపోయే పిల్లలను ఆపి, నువ్వెప్పుడూ ఆడలేదా, పర్వాలేదు, మాలో చాలామంది ఇక్కడికొచ్చాకే మొదలుపెట్టాం అంటారు. నేను విన్న మాటల్లో ఇంత నిజమైన ఆహ్వానం మరొకటి లేదు. బ్రిటన్‌లో తరతరాల మహిళా రగ్బీ క్రీడాకారిణులు పద్దెనిమిదో ఏట, ఆ బల్ల దగ్గర, మొదటిసారి బంతి ముట్టుకున్నవాళ్లే. బడిలో వాళ్లకు నెట్‌బాల్, హాకీ నేర్పారు. రగ్బీ మగపిల్లలకు నేర్పారు.

ఆట గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది చూసి ఉండరు. పదిహేనుమంది ఇటు, పదిహేనుమంది అటు. కోలబంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తాలి. చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో అందించాలి. ముందుకు పోవాలంటే పరుగెత్తాలి లేదా కాలితో తన్నాలి. బంతి పట్టుకున్నవాళ్లను ఎదుటి జట్టు చుట్టేసి కింద పడేస్తుంది, దాన్ని టాకిల్ అంటారు. అవతలి గీత దాటించి బంతిని నేలకు ఆనిస్తే ట్రై. కబడ్డీ ఆడిన పిల్లకు ఇందులో సగం అర్థమైనట్టే. పట్టు పట్టడం, పట్టు విడిపించుకోవడం, ఒంటరిగా దూసుకెళ్లడం, గుంపుగా కాచుకోవడం మనకు కొత్త కాదు.

ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి మాత్రం వేరు. దీనికి ఒకే రకం ఒళ్లు సరిపోదు. రెండు జట్ల నుంచి ఎనిమిదేసిమంది వంగి భుజాలు కలిపి తోసుకునే స్క్రమ్‌లో ముందు వరసకు బరువున్న, బలమైన అమ్మాయిలు కావాలి. గీత బయటినుంచి బంతి విసిరినప్పుడు గాల్లోకి ఎగిరి అందుకోవడానికి పొడుగువాళ్లు కావాలి. స్క్రమ్ వెనకనుంచి బంతి తీసి మెరుపులా అందించడానికి పొట్టిగా, చురుగ్గా ఉన్న పిల్ల కావాలి. అంచుల్లో పరుగుకు సన్నటివాళ్లు కావాలి. లావుగా ఉన్నావు, ఆటలకు పనికిరావు అని బడిలో పక్కన కూర్చోబెట్టిన అమ్మాయి దగ్గరికి ఇక్కడ కెప్టెన్ వెతుక్కుంటూ వస్తుంది. మన అమ్మాయిల్లో ఎంతమంది పదో తరగతిలోపే ఆ మాట విని ఆటలకు దూరమయ్యారో ఈ హాల్లో ఉన్నవాళ్లకు తెలుసు. మూడేళ్ల రుగ్మతను తట్టుకుని ఆ క్లబ్బులు ఏటా నిండటానికి ఇదొక కారణం. తలుపు దగ్గర ఒంటి కొలతలు చూసి వెనక్కి పంపే ఆట కాదిది.

ఇక 1978 అమ్మాయిల సంగతికి వద్దాం. డెబొరా గ్రిఫిన్, ఆమె స్నేహితురాళ్లు చదువు ముగించారు. ఎడిన్‌బరో వాళ్లలాగే ఆగిపోవచ్చు. వాళ్లు ఆగలేదు. లండన్‌కు ఉత్తరాన ఫించ్లీ క్లబ్బులో మహిళల జట్టు పెట్టుకున్నారు. అక్కడినుంచి 1980ల నడుమ రిచ్‌మండ్‌కు వెళ్లారు. రిచ్‌మండ్ మగవాళ్ల పాత క్లబ్బు, మైదానం ఉంది, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. ఇప్పుడు లండన్‌లోని ఏ విశ్వవిద్యాలయంలో అమ్మాయి చదువు పూర్తి చేసినా ఆమె వెళ్లడానికి ఒక చోటు ఏర్పడింది. అలాంటి చోట్లు దేశమంతా పుట్టుకొచ్చాయి. అంతవరకు శాపంగా ఉన్న మూడేళ్ల గడువు వరమైంది. విశ్వవిద్యాలయం నారుమడి లాంటిది. నారు అక్కడే ఉంటే ముదిరి పాడవుతుంది, పీకి నాటడానికి పొలం సిద్ధంగా ఉంటే ఊరంతా పచ్చబడుతుంది.

1983లో బ్రిటన్, ఐర్లండు మహిళా జట్లకోసం మహిళల రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్ పెట్టుకున్నారు. మొదట చేరినవి పన్నెండు జట్లు. వాటిలో అత్యధికం విశ్వవిద్యాలయాల జట్లే. యూనివర్సిటీ కాలేజ్ లండన్, కీల్, లఫ్‌బరో, వారిక్ వంటివి అందులో ఉన్నాయి. సంఘం పెట్టినవారిలో లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఆట మొదలుపెట్టిన క్యారల్ ఐషర్‌వుడ్ ఒకరు. 1986లో రిచ్‌మండ్ మైదానంలో గ్రేట్ బ్రిటన్ మహిళలు ఫ్రాన్స్‌తో తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడినప్పుడు కెప్టెన్ ఆవిడే. 1987లో ఇంగ్లండు, వేల్స్ విడివిడి జట్లుగా తలపడ్డాయి. విద్యార్థినులు కట్టిన జట్టునుంచి దేశం జట్టు దాకా తొమ్మిదేళ్లు. మగవాళ్ల యూనియన్ పైసా పెట్టలేదు, అడ్డూ పడలేదు. ఏ ఆఫీసూ పట్టించుకోకపోవడంలో ఒక స్వేచ్ఛ ఉంది. మైదానం కోసం బతిమాలుకునే రోజున మాత్రం ఆ స్వేచ్ఛ ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

అమెరికాలోనూ కథ విశ్వవిద్యాలయాల్లోనే మొదలైంది. 1972 ప్రాంతంలో కొలరాడో, ఇల్లినాయి, మిజోరి విశ్వవిద్యాలయాల్లో జట్లు పుట్టాయి. చదువులో, ఆటల్లో ఆడ, మగ వివక్ష కూడదని అక్కడ టైటిల్ నైన్ చట్టం వచ్చింది ఆ ఏడాదే. బ్రిటన్‌లో 1975 నాటి లింగ వివక్ష నిషేధ చట్టం ఉన్నా బలం, శరీర దారుఢ్యం లెక్కకు వచ్చే ఆటలకు అందులో మినహాయింపు ఇచ్చారు. బ్రిటన్ అమ్మాయిల చేతిలో చట్టం లేదు. వాళ్లకున్నది ఒకరి చిరునామా ఒకరి దగ్గర ఉండటం.

1991 గురించి కాస్త నిదానంగా చెబుతాను. మగవాళ్ల ప్రపంచ కప్ 1987లో మొదలైంది. మాకెందుకు లేదు అని రిచ్‌మండ్ మహిళా జట్టులోని నలుగురు అనుకున్నారు. డెబొరా గ్రిఫిన్, స్యూ డారింగ్టన్, ఆలిస్ కూపర్, మేరీ ఫోర్సైత్. అందరికీ ఉద్యోగాలున్నాయి. ఈమెయిలు లేని కాలం. ఉత్తరాలు, ఫ్యాక్సులు, టెలిఫోను. అంతర్జాతీయ రగ్బీ బోర్డు ఆ పోటీకి అధికారిక గుర్తింపు ఇవ్వలేదు. పేరున్న ప్రాయోజకులెవరూ ముందుకు రాలేదు. అయినా 1991 ఏప్రిల్ 6న దక్షిణ వేల్స్‌లో పన్నెండు దేశాల జట్లు దిగాయి. అమెరికా, ఇంగ్లండు, న్యూజిలాండు, ఫ్రాన్స్, కెనడా, వేల్స్, నెదర్లాండ్స్, స్పెయిన్, ఇటలీ, స్వీడన్, జపాన్, సోవియట్ యూనియన్. జట్లు తమ ప్రయాణం, బస ఖర్చులు తామే పెట్టుకున్నాయి.

సోవియట్ జట్టు కథ చెప్పకుండా ఉండలేను. వాళ్ల దగ్గర బ్రిటన్‌లో చెల్లే డబ్బు లేదు. అమ్మి ఖర్చులు గట్టెక్కుదామని వోడ్కా సీసాలు, చేపగుడ్ల డబ్బాలు వెంట తెచ్చుకున్నారు. కస్టమ్స్ అధికారుల దృష్టిలో పడ్డారు. చివరికి కార్డిఫ్ జనం తిండీ సామగ్రీ ఇచ్చి ఆదుకున్నారు. ఆ ఏడాది ముగిసేలోగా వాళ్ల దేశమే విడిపోయింది. దేశం పేరున ప్రపంచ కప్‌లో ఆడిన ఆ అమ్మాయిలకు తరువాత ఆ దేశమే లేకపోయింది. సీసాలు మోసుకుని, ఒక ఆట కోసం అంత దూరం వచ్చినవాళ్లను చూసి నవ్వినవాళ్లుంటారు. నాకు మాత్రం చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

ఏప్రిల్ 14న కార్డిఫ్ ఆర్మ్స్ పార్క్‌లో ఫైనల్. 1917లో స్త్రీలు ఆడి ఆగిపోయిన చోటే. అమెరికా 19, ఇంగ్లండు 6. ఇంగ్లండు తరఫున స్క్రమ్ ముందు వరస మధ్యలో హుకర్ స్థానంలో ఆడింది స్యూ డారింగ్టన్. పోటీకి ఏర్పాట్లు చేసిన నలుగురిలో ఒకరు. ఆఫీసు పని, పోటీ నిర్వహణ, జట్టు సాధన మూడూ ఒక్క మనిషే మోసింది. చూడటానికి వచ్చినవారు మూడువేలమంది దాకా. అంతర్జాతీయ బోర్డు ఆ పోటీని ప్రపంచ కప్‌గా ఒప్పుకున్నది 2009లో, అంటే పద్దెనిమిదేళ్ల తరువాత. అప్పటికి ఆ ఆటగత్తెలకు నలభైలు, యాభైలు వచ్చేశాయి. 1994లో రెండో ప్రపంచ కప్ నెదర్లాండ్స్‌లో జరగాల్సి ఉండగా ఆఖరి నెలల్లో రద్దయింది. స్కాట్లండు మహిళలు తామే భుజానికెత్తుకుని ఎడిన్‌బరోలో నడిపారు. ఈసారి ఫైనల్‌లో అమెరికామీద ఇంగ్లండు గెలిచింది. మొదటి విద్యార్థినుల జట్టు పుట్టి ఆగిన ఊళ్లోనే ప్రపంచ కప్ జరిగిందని నాకొక తృప్తి.

ఇంతకీ విశ్వవిద్యాలయాలు ఈ అమ్మాయిలకు ఏమిచ్చాయి? గొప్పగా చెప్పుకోడానికి ఎక్కువ లేదు. మైదానంలో ఒక మూల, అదీ తరచు మగవాళ్ల మూడో జట్టు వదిలేసిన వేళల్లో. ఒక్కటి మాత్రం పెద్ద కానుకే. బ్రిటన్ విశ్వవిద్యాలయాల్లో బుధవారం మధ్యాహ్నం ఆటలకోసం ఖాళీగా ఉంచే ఆచారం ఉంది. ఎక్కువ చోట్ల ఆ పూట తరగతులు పెట్టరు. విశ్వవిద్యాలయాల మధ్య లీగు మ్యాచ్‌లు ఆ పూటే జరుగుతాయి. చదువా, ఆటా అని అమ్మాయి తేల్చుకోనక్కరలేదు, టైమ్‌టేబులే తేల్చేసింది. మన కాలేజీల్లో ఆటల పీరియడ్ ఎప్పుడు? చివరి గంట. హాస్టల్ అమ్మాయికి గేటు వేళ ముంచుకొస్తుంది, పల్లె నుంచి వచ్చే అమ్మాయికి బస్సు వెళ్లిపోతుంది. రికార్డు పూర్తికాని రోజున ల్యాబ్ వాళ్లు ఆ గంటే అడిగి పుచ్చుకుంటారు. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు, ఆ గంట ఎవరిదీ కాకపోవడం వల్ల వచ్చిన ఇబ్బంది.

గౌరవం విషయంలో పాత విద్యాపీఠాలు ఎంత నెమ్మదిగా కదిలాయో చెప్పడానికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి చాలు. ఆ రెంటి మధ్య మగవాళ్ల వార్షిక రగ్బీ మ్యాచ్ 1872 నుంచి ఉంది. మహిళల మ్యాచ్ 1988లో మొదలైంది. అప్పట్లో మగవాళ్ల మ్యాచ్ జరిగిన ట్వికెన్‌హామ్ స్టేడియంలో అదే రోజున మహిళలకూ చోటు దొరికింది 2015లో. ఇరవై ఏడేళ్లు వేరే గడ్డిమీద ఆడారు. ఆ మధ్యకాలంలో ఆడి పట్టాలు పుచ్చుకున్న అమ్మాయిల పేర్లు పెద్ద స్టేడియం గోడలమీద ఉండవు. 2015లో ఆడిన పిల్లలు ఎక్కిన మెట్లు వాళ్లు వేసినవే.

అమ్మలు అడిగే ప్రశ్న నేనే అడుగుతాను. దెబ్బలు తగలవా? తగులుతాయి. భుజం జారుతుంది, మోకాలి లిగమెంట్ తెగుతుంది, తలకు దెబ్బ తగలవచ్చు. రగ్బీలో తల దెబ్బల ప్రమాదం నిజం, దాన్ని దాచి ఆటను పొగడటం తప్పు. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే చాలు, ఆ ఆటగత్తెను వెంటనే మైదానంనుంచి తీసేయాలి, ఆ రోజు మళ్లీ దింపకూడదు అన్నది ఇప్పుడు అక్కడ కింది స్థాయిలో గట్టి నియమం. 2023 జూలై నుంచి ఇంగ్లండులో ఆ స్థాయి ఆటల్లో టాకిల్ ఎత్తు తగ్గించారు. రొమ్ముటెముక కింది అంచుకు పైన పట్టుకోకూడదు. పద్దెనిమిదో ఏట ఆట మొదలుపెట్టే అమ్మాయికి పడటం ఎలాగో, పట్టడం ఎలాగో ముందు నేర్పి తరువాతే మ్యాచ్‌లోకి పంపాలి. మంచి కోచ్ లేని చోట ఈ ఆట పెట్టవద్దని నా అభిప్రాయం. మన దగ్గర మాత్రం దెబ్బ గురించిన భయం తరచు పెళ్లి గురించిన భయంగా మారుతుంది. కాలు విరిగితే సంబంధాలు రావని తండ్రి అన్నప్పుడు మేడమ్ వాదించేవారు కాదు. ఆయన ఇంటికే వెళ్లి, ప్రాక్టీసు ఎలా జరుగుతుందో స్వయంగా వచ్చి చూడమనేవారు. వచ్చి చూసిన తండ్రుల్లో కొందరు తరువాత వాళ్లే పిల్లను సైకిలు మీద దించేవారు.

తరువాతి చరిత్ర వేగంగా చెబుతాను, అది అందరికీ కనిపించేదే కనుక. ఇంగ్లండు మహిళల యూనియన్ 2012లో మగవాళ్ల యూనియన్‌లో కలిసింది. 2019 జనవరినుంచి ఇరవై ఎనిమిదిమంది ఇంగ్లండు క్రీడాకారిణులకు పూర్తికాల జీతాలు వచ్చాయి. దేశపు అగ్రశ్రేణి లీగులో లఫ్‌బరో విశ్వవిద్యాలయం జట్టు ఉంది. హార్ట్‌పురీ విశ్వవిద్యాలయంతో ముడిపడిన గ్లోస్టర్ జట్టు 2023, 2024, 2025లలో వరుసగా ఆ లీగు గెలిచింది. 2025 సెప్టెంబరు 27న ట్వికెన్‌హామ్‌లో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. ఇంగ్లండు 33, కెనడా 13. స్టేడియంలో 81,885 మంది. కార్డిఫ్‌లో మూడువేలతో మొదలైన లెక్క అది. ఆ ఏడాది ఇంగ్లండు రగ్బీ యూనియన్ అధ్యక్ష పీఠంమీద తొలిసారి ఒక స్త్రీ ఉన్నారు. ఆవిడ డెబొరా గ్రిఫిన్. 1978లో విద్యార్థినుల జట్టు కట్టిన ఆవిడే.

ఇంత సంతోషంలోనూ నాకొక బెంగ ఉంది. జీతాలొచ్చాక బడి వయసునుంచే ఆట నేర్చినవాళ్లు విశ్వవిద్యాలయం మొదటి జట్టును నింపుతున్నారు. అది రావలసిన మార్పే. అయితే ఎప్పుడూ బంతి పట్టని పద్దెనిమిదేళ్ల పిల్లకు ఆ సంతలో బల్ల దగ్గర ఇంకా అదే పిలుపు ఉందా? ఆమెకు రెండో జట్టు, మూడో జట్టు ఉన్న చోట ఉంది. డబ్బులు తగ్గినప్పుడు ఏ నిర్వాహకుడైనా మొదట తీసేసేది ఆ మూడో జట్టునే. డెబొరా గ్రిఫిన్, క్యారల్ ఐషర్‌వుడ్ చిన్నప్పటినుంచి శిక్షణ పొంది వచ్చినవాళ్లు కారు. ఈ కాలపు మొదటి జట్టు ఎంపికకు వాళ్లు వెళ్లి ఉంటే ఎన్నికయ్యేవారో లేదో. మూడో జట్టు బతికున్నంత కాలమే ఆ విశ్వవిద్యాలయంలో మహిళల రగ్బీ ఎదుగుతోందని నేను నమ్ముతాను.

మన దేశంలో ఈ ఆట ఎక్కడుంది? దూరంగా లేదు. విశాఖలో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి దిగే భువనేశ్వర్‌లో ఉంది. కళింగ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అనే సంస్థ ఒడిశా గిరిజన పిల్లలకు హాస్టలు, చదువు, ఆటలు ఒకే చోట ఇస్తుంది. 2017లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైంది. ఆ సంస్థలో పెరిగిన సుమిత్రా నాయక్ 2019 జూన్‌లో మనీలాలో తన్నిన పెనాల్టీతో భారత మహిళలు సింగపూర్‌ను 21-19తో ఓడించారు. పదిహేనుమంది ఆటలో మన మహిళలకు అది మొదటి అంతర్జాతీయ విజయం. మొదటి మ్యాచ్ ఆడింది అంతకు ఏడాది ముందు, 2018లో. 2020 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లోనే జరిగిన తొలి ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో రగ్బీకి చోటిచ్చారు. ఒలింపిక్స్‌లో 2016 నుంచి ఏడుగురి రగ్బీ ఉంది కనుక మనవాళ్లు ఎక్కువగా ఆ పొట్టి ఆటమీదే దృష్టి పెడుతున్నారు. ఏడుగురితో జట్టు కట్టడం చిన్న కాలేజీకీ సాధ్యమే. కానీ ఏడుగురి ఆటలో పరుగే ప్రధానం. స్క్రమ్ ముందు వరసలో నిలవాల్సిన ఆ బరువైన అమ్మాయి మళ్లీ పక్కకు పోతుంది. నాకు అది బాధ.

2025లో ముంబైలో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగులో హైదరాబాదు పేరున ఒక జట్టు ఆడింది. మగవాళ్ల జట్టు. మన నగరం పేరు ఈ ఆటలో వినబడినందుకు సంతోషమే. మన అమ్మాయిలకోసం నేను ఎదురుచూసేది మాత్రం లీగుకన్నా ముందు మరొకటి. మన దగ్గర అమ్మాయి ఇంటర్ యూనివర్సిటీ దాకా ఆడుతుంది. సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుంది. రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం వస్తే ఆట కొనసాగుతుంది. రాకపోతే డిగ్రీతోపాటు ఆటా ముగిసింది. మగపిల్లలు చదువయ్యాక కూడా ఆదివారం క్రికెట్ ఆడుకోడానికి ఏ కోటా అవసరం లేదు, ఊళ్లో ఏ ఖాళీ స్థలమైనా వాళ్లదే. ఇరవై మూడేళ్ల అమ్మాయి, ముప్పై ఏళ్ల తల్లి, ఉద్యోగం లేకుండా, పతకం ఆశ లేకుండా, ఊరికే ఆడుకోడానికి వెళ్లే మైదానం మన ఏ పట్టణంలో ఉంది? ఫించ్లీలో, రిచ్‌మండ్‌లో ఆ అమ్మాయిలు కట్టుకున్నది అదే. మేడమ్ నోట్‌బుక్ పెట్టుకుని ఒంటరిగా కట్టడానికి చూసిందీ అదే. ఆవిడ రిటైరయ్యాక ఆదివారాలు ఆగిపోయాయి. ఆ పని ఎవరి ఉద్యోగంలోనూ భాగం కాదు, అందుకని ఎవరూ తీసుకోలేదు.

స్మారక నిధిలో జమ అయిన డబ్బుతో ఏటా ఒక బంగారు పతకం ఇవ్వాలని సంఘం ఆలోచిస్తోందని విన్నాను. పెద్దలు మన్నించాలి, నేను ఒప్పుకోలేను. పతకం ఒక్కరికి వెళుతుంది, అదీ కాలేజీలో ఉన్న పిల్లకు. ఆ డబ్బుతో ఆదివారం పొద్దున ఆరునుంచి తొమ్మిది దాకా గ్రౌండుకు ఒక మనిషిని పెట్టండి. బంతులు, నెట్లు, మంచినీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, పసిపిల్లలను చూసుకోడానికి ఒక ఆయా. పాత విద్యార్థినులకు ప్రవేశం ఉచితం, వయసు అడగకూడదు. మన ఊళ్లోని మిగతా మహిళా కాలేజీల పాత విద్యార్థినులనూ రానివ్వండి, అప్పుడే రెండు జట్లవుతాయి. ప్రిన్సిపాల్ గారిని మరొకటి అడుగుతున్నాను. వారంలో ఒక మధ్యాహ్నం తరగతులూ ల్యాబులూ లేకుండా ఆటలకు రాసివ్వండి. వచ్చే జూన్ టైమ్‌టేబుల్ ఇంకా తయారవలేదని ఆఫీసులో చెప్పారు. మేడమ్ నోట్‌బుక్ వారి కుటుంబం దగ్గర భద్రంగా ఉంది. ఇవ్వడానికి వాళ్లు ఒప్పుకున్నారు. అందులో చిరునామాలు పాతవి, ఫోన్ నెంబర్లు లేవు. ఈ సాయంత్రం వెళ్లేముందు హాలు బయట బల్ల దగ్గర మీ పేరు, ఊరు, ఇప్పటి ఫోన్ నెంబరు, ఆడిన ఆట రాసి వెళ్లండి.